తుడవటం వేరు, కడగటం వేరు

బాలలూ!

ముసురు పట్టిన రోజున మీ వంటింట్లో కల్లుప్పు జాడీ మూత తీసి చూడండి. ఎండాకాలంలో గలగలలాడిన ఉప్పురాళ్ళు ఇప్పుడు ఒకదానికొకటి అంటుకుని తడితడిగా ఉంటాయి. జాడీ అడుగున కాసిని నీళ్ళు కూడా ఊరి ఉండవచ్చు. ఆ నీళ్ళు ఎవరు పోశారు? మీ అమ్మ పొయ్యలేదు. ఇంటి కప్పు కారలేదు. మరి ఎట్లా వచ్చాయి?

ఈ ప్రశ్నకు జవాబు ఇప్పుడే చెప్పను. ముందు ఒక కథ చెబుతాను. ఇది మన ఊళ్ళో జరిగిన కథ కాదు, సముద్రాలు దాటి అమెరికాలో జరిగింది. అందులో ఒక పాత తుపాకి ఉంది, ఒక తాత ఉన్నాడు, పద్నాలుగేళ్ళ మనవడు ఉన్నాడు. కథ సగానికి వచ్చేసరికి జాడీలో నీళ్ళ సంగతి మీకే తెలిసిపోతుంది.

నా దగ్గిర చదువుకున్న కుర్రవాడొకడు అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాదికి రెండు మూడుసార్లు ఉత్తరం రాస్తాడు. బడిలో ఉన్నప్పుడు ఎట్లా ప్రశ్నలు వేసేవాడో ఇప్పుడూ అట్లాగే వేస్తాడు. తాతా మనవళ్ళు అతని పొరుగువాళ్ళు.

పటం తీసి చూడండి. మేరీలాండ్‌ను రెండుగా చీలుస్తున్నట్టు సముద్రం లోపలికి చొచ్చుకు వచ్చి ఉంటుంది. దాని పేరు చెసపీక్ అఖాతం. పొడుగు దాదాపు 320 కిలోమీటర్లు. ఉత్తరపు కొసన సస్క్వెహానా నది వచ్చి మంచినీళ్ళు కలుపుతుంది. దక్షిణపు కొసన అట్లాంటిక్ మహాసముద్రం ఉప్పునీళ్ళు తోస్తుంది. అందుచేత పై కొసన నీళ్ళు చప్పగా ఉండి, కిందికి పోయేకొద్దీ ఉప్పగా మారతాయి. మన పులికాట్ సరస్సు చూసినవాళ్ళకు ఇటువంటి నీళ్ళు కొత్త కాదు. ఒడ్డు పొడుగునా గడ్డీ, రెల్లూ పెరిగిన బురదనేలలు. చలికాలం రాగానే ఉత్తరదేశపు బాతులు అక్కడికి గుంపులు గుంపులుగా వచ్చి దిగుతాయి.

ఆ ప్రాంతంలో బాతుల వేట తరతరాలుగా ఉన్నది. ఒకప్పుడు బాతులను చంపి బళ్ళకొద్దీ బజారులో అమ్మేవారు. 1918లో వచ్చిన చట్టం ఆ వ్యాపారాన్ని ఆపింది. ఇప్పుడు వేటకు లైసెన్సు కావాలి. ఏ రోజుల్లో వేటాడవచ్చో, రోజుకు ఎన్ని బాతులను కొట్టవచ్చో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పదహారేళ్ళు నిండిన ప్రతి వేటగాడూ ఏటేటా ఒక బాతు స్టాంపు కొనాలి. 1934లో మొదలైన ఈ స్టాంపుల డబ్బుతో పక్షులు బతికే చిత్తడినేలలను కొని కాపాడుతున్నారు.

మన దేశంలో మటుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతులను వేటాడటం నేరం. కొల్లేరుకూ పులికాట్‌కూ వచ్చే బాతులను కళ్ళారా చూసి ఆనందించటమే మన వంతు. ఈ కథలో మనకు కావలసింది వేట కాదు, తుపాకి. తుపాకి కూడా కాదు, అది చేసిన ఇనుము.

ఆ పెద్దాయన దగ్గిర ఉన్నది జంట గొట్టాల తుపాకి. కనెక్టికట్ రాష్ట్రంలో మెరిడెన్ అనే పట్టణంలో పార్కర్ సోదరుల కంపెనీ చేసినది. ఆ కంపెనీవారి తుపాకుల వ్యాపారాన్ని 1934లో రెమింగ్టన్ కంపెనీ కొనుక్కుంది. తరవాత కొన్నేళ్ళకు ఆ రకం తయారీ నిలిచిపోయింది. ఈ తుపాకి అంతకు ముందుది. పెద్దాయన తండ్రి దాన్ని కొన్నాడు. ఆ ఇంట్లో తండ్రి ఫోటో ఒక్కటే ఉన్నదట, అందులోనూ ఆయన చేతిలో ఈ తుపాకే ఉన్నదట. అందుకని పెద్దాయనకు అది ప్రాణంతో సమానం.

ఆ సంవత్సరం చలికాలంలో పెద్దాయనకు మోకాలి నొప్పి వచ్చింది. నడుములోతు బురదలో నడవలేడు. అందుచేత మనవడికి తుపాకి ఇచ్చి, తన కొడుకును తోడు పంపించాడు. మనవడు అప్పటికే తుపాకి వాడకంలో శిక్షణ పొందినవాడు. పంపేటప్పుడు తాత ఒకే మాట చెప్పాడు: “ఇంటికి రాగానే కడుగు. అన్నం తరవాత, నిద్ర తరవాత. ముందు కడుగు.”

ఆ రోజు గాలి ఎక్కువగా ఉన్నది. అలలు పడవకు కొట్టుకుని ఉప్పునీళ్ళు చిలికాయి. మనిషీ తడిశాడు, తుపాకీ తడిసింది. సాయంత్రం ఇల్లు చేరేసరికి కుర్రవాడి వేళ్ళు చలికి కొయ్యబారిపోయాయి. తుపాకిని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. పైన నూనె రాశాడు. తోలుపెట్టెలో పెట్టి మూత వేశాడు. తాత పడకగది నుంచి, “కడిగావా?” అని అడిగాడు.

“తుడిచాను, తాతా! నూనె కూడా రాశాను,” అన్నాడు మనవడు.

తాతకు మందు మత్తులో ఆ మాట సరిగా వినపడలేదు. “మంచిది,” అని పడుకున్నాడు.

నాలుగు రోజుల తరవాత పెట్టె తీశారు. నల్లగా నిగనిగలాడే గొట్టం మీద ఎర్రని చుక్కలు, ఆటలమ్మ పోసినట్టు. రెండు గొట్టాలూ కలిసే చోట, అతుకు పొడుగునా ఎర్రని గీత. గొట్టంలోంచి వెలుతురుకేసి చూస్తే లోపల కూడా మచ్చలు. కుర్రవాడు ఏడుపు మొహం పెట్టి, “నేను నీళ్ళ చుక్క లేకుండా తుడిచాను. నిజం!” అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు, బాలలూ! నీళ్ళ చుక్క లేకుండానే తుడిచాడు. అయినా తుప్పు ఎందుకు పట్టింది? ఇక్కడికి వచ్చాం గనక మన ఉప్పుజాడీ దగ్గిరికి పోదాం.

ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. గాలి ఎంత తేమను మోయగలదో, అందులో నూటికి 75 వంతులు దాటి తేమ ఉంటే, మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని తానే కరిగి నీళ్ళవుతుంది. సముద్రం నుంచి వచ్చిన కల్లుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ అనే మరొక లవణం కూడా కలిసి ఉంటుంది. దాని దాహం ఇంకా ఎక్కువ. నూటికి 33 వంతుల తేమ ఉన్నా చాలు, అది చెమ్మగిల్లుతుంది. అందుచేతనే ముసురులో మూత తీసిపెట్టిన ప్రతిసారీ జాడీ కాస్త కాస్త తేమ తాగుతుంది. జాడీలో నీళ్ళు పోసినది ఎవరో కాదు, గాలి!

ఇప్పుడు తుపాకి సంగతి చూడండి. సముద్రపు నీళ్ళు లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు మోస్తాయి. ఆ అఖాతంలో అంత ఉప్పదనం లేకపోయినా, ఉన్నది చాలు. గుడ్డతో తుడిస్తే నీళ్ళు పోతాయి. ఉప్పు అంతా పోదు. పలచని పొరగా గొట్టాన్ని అంటుకుని ఉంటుంది. మరచీలల గాడుల్లో, గొట్టాల అతుకుల్లో, గుడ్డ దూరని సందుల్లో ఉండిపోతుంది. పెట్టె మూత పడగానే ఆ ఉప్పు తనకు కావలసిన తేమను మెల్లిగా పీల్చుకుంటుంది. అంటే కుర్రవాడు తుడిచిన నీళ్ళను ఉప్పు రాత్రికి రాత్రి మళ్ళీ తెచ్చుకున్నదన్న మాట.

మరొక సంగతి. బయట చలికి గడ్డకట్టినట్టున్న తుపాకిని వెచ్చని గదిలోకి తెచ్చి వెంటనే పెట్టెలో పెట్టాడు. చల్లని నీళ్ళ గ్లాసుకు బయట చెమట పట్టటం మీరు చూశారు గదా! చల్లని ఇనుముకూ అట్లాగే చెమట పడుతుంది. పైగా తోలుపెట్టె చెమ్మను పట్టి ఉంచుతుంది.

తుప్పు అంటే ఏమిటి? ఇనుమూ, నీళ్ళూ, గాలిలోని ప్రాణవాయువూ మూడూ కలిస్తే పుట్టేది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు రాదు. ఇనుము ఒకచోట కొద్దికొద్దిగా కరిగి నీళ్ళలోకి పోతుంది. పోతూ పోతూ తన ఎలక్ట్రానులను వదిలిపెడుతుంది. ఆ ఎలక్ట్రానులు ఇనుములో నుంచే మరొక చోటికి పోయి, నీళ్ళలో కరిగిన ప్రాణవాయువును కలుసుకుంటాయి. అంటే ఇనుము మీది ఒక్క తడిచుక్కలో చిన్న బాటరీ పనిచేస్తున్నదన్న మాట! మంచినీళ్ళలో విద్యుత్తు బాగా పారదు గనక ఆ బాటరీ మందకొడిగా నడుస్తుంది. ఉప్పునీళ్ళలో చక్కగా పారుతుంది గనక జోరుగా నడుస్తుంది. పైగా ఉప్పులో ఉన్న క్లోరైడ్ ఇనుమును కాపాడే పలచని పొరను చీల్చి, ఒకేచోట గుంట తవ్వటం మొదలుపెడుతుంది. అన్నిటికన్న చెడ్డ సంగతి ఏమిటంటే, ఈ పనిలో ఉప్పు ఖర్చయిపోదు. ఒక పొర తిని, అదే ఉప్పు ఇంకో పొర తింటుంది.

“నూనె రాశాడు గదా, అది కాపాడలేదా?” అని మీరు అడుగుతారు. ఇదే ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను. సిగ్గుపడవలసిన సంగతే అయినా చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సముద్రం ఒడ్డున ఒక పల్లెటూరి బడికి వేశారు. మా మామగారు నాకు కొత్త సైకిలు కొనిపెట్టారు. కార్తీక పున్నమినాడు సముద్రస్నానానికి పోతూ, తడి ఇసక గట్టిగా ఉంటుంది గదా అని అలల అంచునే తొక్కుకుంటూ పోయాను. ఇంటికి వచ్చి సైకిలును ముద్దుగా తుడిచి, చక్రాల కమ్మీలకు కొబ్బరినూనె కూడా రాశాను. నెల తిరక్కుండా కమ్మీల మొదళ్ళు ఎర్రబడి, రెండు పుటుక్కున తెగాయి. సైకిలు షాపు ముసలాయన వేలితో కమ్మీ తడిమి, వాసన చూసి, నవ్వాడు.

“ఉప్పు కడక్కుండానే నూనె రాశారా, పంతులుగారూ? దొంగను లోపల ఉంచి తలుపు తాళం వేసినట్టయింది!”

సైన్సు పాఠం చెప్పే పంతులికి ఆయన చెప్పిన పాఠం అది. నూనె బయటి తేమను చాలావరకు ఆపుతుంది, నిజమే. కాని అడుగున ఉప్పూ, తడీ ముందే చేరి ఉంటే వాటిని కూడా కప్పి కాపాడుతుంది. నూనె పొర పలచబడిన చోట తేమ మళ్ళీ దూరుతుంది. ఉప్పును పోగొట్టేది నూనె కాదు, గుడ్డ కాదు. మంచినీళ్ళు! ఒక లీటరు మంచినీళ్ళు 300 గ్రాములకు పైగా ఉప్పును కరిగించుకుని పోగలవు. తుపాకి మీద ఉండే ఉప్పు దానిలో ఎన్నో వంతు? అంత చవకైన మందు మరొకటి లేదు.

మళ్ళీ మేరీలాండ్ పోదాం. తాతా మనవళ్ళు తుపాకిని పట్టుకుని మేస్త్రీ దగ్గిరికి వెళ్ళారు. పాత తుపాకులను బాగుచెయ్యటంలో చెయ్యి తిరిగినవాడతను. నా శిష్యుడు కూడా వెంట వెళ్ళాడు. మేస్త్రీ ముందు తుపాకిలో తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నాడు. తరవాత మూడు ముక్కలుగా విప్పాడు: జంట గొట్టాలు, వాటి కింద చెయ్యి పట్టే చెక్క, మీటలూ వెనక పిడీ ఉన్న భాగం. మెత్తని కంచు పీచును నూనెలో ముంచి పై మచ్చలను నెమ్మదిగా రుద్దాడు. కుర్రవాడు, “గరుకు కాగితంతో రుద్దితే తొందరగా పోదా?” అన్నాడు. “తుప్పుతోపాటు మంచి ఇనుము కూడా పోతుంది. చెక్కిన నగిషీ కూడా పోతుంది,” అన్నాడు మేస్త్రీ.

గొట్టం మీది నల్లని నిగనిగ రంగు పూసినది కాదు. అది కూడా ఒకరకం తుప్పే! మంచి తుపాకులకు పాతకాలపు పనివాళ్ళు కావాలని గొట్టానికి సన్నగా ఎర్రతుప్పు పట్టించి, దాన్ని మరిగే నీళ్ళలో ఉంచేవారు. ఎర్రతుప్పు నల్లతుప్పుగా మారేది. వదులుగా ఉన్న పొడిని రుద్ది తీసేసి, మళ్ళీ తుప్పు పట్టించి, మళ్ళీ మరిగించేవారు. ఇట్లా ఎన్నోసార్లు చేస్తే ఇనుమును గట్టిగా అంటుకున్న నల్లని పొర తయారయేది. సూదంటురాయి ఏ పదార్థమో ఇదీ అదే. ఎర్రతుప్పు ఇనుము కన్న ఎక్కువ చోటు ఆక్రమించి పొలుసులుగా ఊడుతుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది. నల్లపొర ఊడదు, నూనెను కూడా పట్టి ఉంచుతుంది. కాని అది పలచని చొక్కా వంటిది, కవచం కాదు. ఉప్పు ముందు నిలవలేదు.

బయటి మచ్చలు చాలావరకు పోయాయి. తరవాత మేస్త్రీ గొట్టాల లోపలికి దీపం వేసి చూశాడు. కుడి గొట్టం తుడిస్తే మళ్ళీ అద్దంలా అయింది. ఎడమ గొట్టంలో మటుకు, నడిమి భాగాన, తుప్పు తీసేసిన తరవాత గుంట ఒకటి కనిపించింది. మేస్త్రీ కొలత పరికరం పెట్టి గొట్టం గోడ మందం కొలిచాడు. మళ్ళీ కొలిచాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. తూటా పేలే వెనక భాగంలో గొట్టం మందంగా ఉంటుంది. ముందుకు పోయేకొద్దీ పలచబడుతుంది. ఇటువంటి తుపాకుల్లో నడిమి భాగాన గోడ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తూటా పేలినప్పుడు పుట్టే వాయువుల వత్తిడినంతా ఆ పలచని గోడే ఆపాలి. వేటగాడి ఎడమ చెయ్యి ఉండేది కూడా గొట్టం కిందనే. అటువంటి గోడలో గుంట పడితే అది అందం పోవటం కాదు, చెయ్యి పోవటం!

మేస్త్రీ తుపాకిని గుడ్డ మీద పెట్టి, “ఇక దీన్ని పేల్చకండి,” అన్నాడు.

కుర్రవాడి మొహం పాలిపోయింది. “నా వల్లనే!” అన్నాడు.

“కాదు, బాబూ,” అన్నాడు మేస్త్రీ. “నీ తుప్పు పైపైది. నాలుగు రోజులది. ఈ గుంట ఏళ్ళ నాటిది. ఎప్పుడో, ఎవరో, ఒక రాత్రి కడగలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు నూనె రాసినా అడుగున అది తింటూనే ఉన్నది. నీ తుప్పు వల్ల మనం లోపలికి చూశాం గనక ఇది బయటపడింది.”

తాత చాలాసేపు మాట్లాడలేదు. తిరిగి వస్తూ కారులో అన్నాడట: “నీ వయసులో ఒక రాత్రి నేను కూడా తుడిచి పెట్టాను. మా నాన్న అడిగితే కడిగానని చెప్పాను. ఆ మాట ఇవాళ్టిదాకా ఎవరికీ తెలియదు.”

నా శిష్యుడు ఈ మాట రాసి, కింద మరేమీ రాయకుండా ఉత్తరం ముగించాడు.

బాలలూ, ఆ గుంట ఆ రాత్రిదే అని ఎవరూ రుజువు చెయ్యలేరు. అయినా ఆ మాట ఒప్పుకోవటానికి పెద్దాయనకు అరవయ్యేళ్ళు పట్టింది. మనవడు అబద్ధం చెప్పలేదు, “తుడిచాను” అని ఉన్నమాటే చెప్పాడు. అదొక్కటి తలుచుకుని తాత ధైర్యం తెచ్చుకున్నాడేమో!

తరవాతి ఉత్తరంలో, మేస్త్రీ ఆ కుర్రవాడికి నేర్పిన పద్ధతి అంతా ఉన్నది. అక్కడ ఉప్పునేలల్లో పాత తుపాకితో తిరిగేవాళ్ళు చెయ్యవలసిన పని ఇది. మీరు తుపాకి జోలికి పోకపోయినా, పని వరసను గమనించండి.

బయలుదేరేముందే గొట్టానికి పలచగా మైనం పట్టించాలి. నీళ్ళు నిలవకుండా జారిపోతాయి. ఇంటికి వచ్చాక ముందుగా తూటాలు లేవని పెద్దవాళ్ళు చూడాలి. చల్లని తుపాకి గది వేడికి వచ్చేదాకా బయట ఉంచాలి. అంతేకాని పెట్టెలో పెట్టకూడదు. తరవాత మూడు ముక్కలుగా విప్పాలి. గొట్టాలను లోపలా బయటా గోరువెచ్చని మంచినీళ్ళతో కడగాలి. మీటలున్న భాగాన్ని నీళ్ళలో ముంచకూడదు, మంచినీళ్ళలో పిండిన గుడ్డతో నాలుగైదుసార్లు తుడవాలి. ప్రతిసారీ గుడ్డ జాడించాలి. చెక్కను చెమ్మగుడ్డతో ఒక్కసారి తుడిచి వెంటనే పొడిగుడ్డ వెయ్యాలి. తరవాత గాలి తగిలే వెచ్చని చోట ఆరబెట్టాలి, నిప్పు దగ్గిర కాదు.

ఆరిన తరవాతే నూనె. సందుల్లో మిగిలిన చెమ్మను వెళ్ళగొట్టే పలచని నూనె ముందు వెయ్యాలి. పొడుగు కడ్డీకి గుడ్డపీలిక చుట్టి గొట్టాన్ని వెనక నుంచి ముందుకు తుడవాలి. పీలిక తెల్లగా వచ్చేదాకా మార్చాలి. చివరకు నూనె ఉన్నదా లేదా అన్నంత పలచగా పట్టించాలి. ఎక్కువయితే అది వెనక్కి కారి చెక్క పిడిలో ఇంకుతుంది, చెక్క మెత్తబడి చెడుతుంది. అందుకని పాత తుపాకులను గొట్టం మూతి కిందికి ఉండేట్టు నిలబెట్టటం మంచిది. తోలుపెట్టె ప్రయాణానికే, నిలవకు పనికిరాదు. మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి తీసి చూడాలి. వేళ్ళ చెమటలో కూడా ఉప్పు ఉన్నది గనక, ముట్టుకున్న చోటనల్లా మళ్ళీ తుడవాలి. లోపలి యంత్రాన్ని ఏడాదికి ఒకసారి మేస్త్రీ చేతనే విప్పించాలి.

వరస గుర్తుంచుకోండి: కడుగు, ఆరబెట్టు, నూనె రాయి, మళ్ళీ చూడు. ఇందులో మొదటిది చెయ్యకపోతే మిగిలిన మూడూ దండగ.

ఉప్పు ఇనుములో ఎంత లోతుకు పోతుందో తెలియటానికి ఆ అఖాతం ముఖం దగ్గిరే ఒక గొప్ప సాక్ష్యం ఉన్నది. 1862 మార్చి 9న అక్కడ రెండు ఇనపకవచం తొడిగిన యుద్ధనౌకలు మొట్టమొదటిసారి ఒకదానితో ఒకటి పోరాడాయి. వాటిలో ‘మానిటర్’ అనే నౌక అదే సంవత్సరం డిసెంబరు 31న తుపానులో మునిగిపోయింది. దాని ఫిరంగుల గూడు 140 ఏళ్ళు సముద్రం అడుగున ఉన్నది. 2002లో దాన్ని పైకి తీసి, వర్జీనియా రాష్ట్రంలో న్యూపోర్ట్ న్యూస్ పట్టణపు నౌకా ప్రదర్శనశాలకు తెచ్చారు. దాని బరువు 120 టన్నుల దాకా ఉంటుంది. తెచ్చి ఏం చేశారో తెలుసా? నీళ్ళ తొట్టిలో పెట్టారు! ఆరబెడితే లోపలి ఉప్పు ఇనుమును చిట్లగొట్టి పొట్టు చేస్తుంది. అందుకని క్షారం కలిపిన నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మారుస్తూ, ఉప్పును ఏళ్ళ తరబడి బయటికి లాగుతూ వచ్చారు. వచ్చిన రోజున పావుగంటలో కడిగితే పోయేది, ఆలస్యమయితే ఏళ్ళు పడుతుంది చూశారా!

ఇప్పుడు మీకు ఒక పని. ఆరు మామూలు ఇనపమేకులు తీసుకోండి. జింకు పూత ఉన్నవి వద్దు. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో తళతళలాడేట్టు రుద్దండి. గ్లాసెడు నీళ్ళలో ఒక చెంచాడు కల్లుప్పు కరిగించండి.

మొదటి మేకును మూత బిగించిన పొడి సీసాలో వెయ్యండి. రెండో మేకును మంచినీళ్ళలో సగం మునిగేట్టు నిలబెట్టండి. మూడోదాన్ని ఉప్పునీళ్ళలో అట్లాగే నిలబెట్టండి. నాలుగోదాన్ని ఉప్పునీళ్ళలో ముంచి గుడ్డతో తుడవండి, కుర్రవాడి పద్ధతి. ఐదోదాన్ని ఉప్పునీళ్ళలో ముంచి, తుడిచి, కొబ్బరినూనె రాయండి, నా పద్ధతి. ఆరోదాన్ని ఉప్పునీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో బాగా కడిగి, ఆరబెట్టి, తరవాత నూనె రాయండి, మేస్త్రీ పద్ధతి. చివరి మూడిటినీ ఒక పళ్ళెంలో విడివిడిగా పెట్టి, పక్కన చిన్న తడిగుడ్డ ఉంచి, పైన గిన్నె బోర్లించండి. వారం రోజులు రోజూ ఒకే వేళకు చూసి, కనిపించింది కనిపించినట్టు పుస్తకంలో రాయండి. ఏమవుతుందో నేను చెప్పను. మీ మేకులు నేను చెప్పినట్టు నడవకపోతే మేకులనే నమ్మండి, ఎందుకు అట్లా అయిందో ఆలోచించండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. తీరంలో ఉన్న ఇళ్ళలో సైకిలు, కుట్టుమిషను, కిటికీ ఊచలు, గొళ్ళేలు, అన్నిటికీ ఇదే చికిత్స. గాలి మోసుకువచ్చిన ఉప్పును నెలకొకసారి మంచినీళ్ళ గుడ్డతో తుడిపించి, ఆరిన తరవాతే నూనె వేయించండి. ఆ పని పిల్లల చేతనే చేయించండి. ఇక తాతల నాటి తుపాకి ఏదైనా లైసెన్సుతో ఇంట్లో ఉంటే అది తాళం వెనకే ఉండాలి. పిల్లలూ, తుపాకి పాతదయినా, చెడినదయినా, ఖాళీదని ఎవరు చెప్పినా, మీరు ముట్టుకోకూడదు.

ఆ పార్కర్ తుపాకి ఇప్పుడు పెద్దాయన గదిలో, తండ్రి ఫోటో పక్కన, తాళం వేసిన అద్దాల బీరువాలో ఉన్నదట. అది మళ్ళీ పేలదు. అయినా ప్రతి నెలా మొదటి ఆదివారం తాత తాళం తీస్తాడు, మనవడు దాన్ని విప్పి, తుడిచి, నూనె రాస్తాడు. తాత కుర్చీలో కూచుని చూస్తూ ఉంటాడు. పని అయినాక ఇప్పటికీ అడుగుతాడట:

“కడిగావా?”

“ఇవాళ ఉప్పు తగల్లేదు, తాతా! తుడిచాను, అంతే,” అంటాడట మనవడు.